గాటు చిన్నదే కదా అంటారు

మూడేళ్ళ కిందట ఒకరోజు తెల్లవారుజామున అమ్మ దుప్పటి మడతపెడుతూ, "ఇక్కడ కుంకుమ ఎవరు ఒలకబోశారు?" అని అడిగింది. దుప్పటికి కాళ్ళ వైపు అంచున నాలుగైదు చోట్ల ఎండిపోయిన ఎర్రటి మరకలున్నాయి. లైటు వేసి ఆమె పాదాలు చూశాను. కుడికాలి బొటనవేలి కొసన చర్మం లేదు. గోరు అంచు వెంట చిన్నచిన్న గాట్లు, రెండేసి చొప్పున పక్కపక్కనే, ఎలుక గీరిన కొబ్బరి చిప్ప మీద కనిపించే గీతల్లా ఉన్నాయి. అమ్మకు నొప్పి లేదు. పదహారేళ్ళుగా ఆమెకు షుగర్ ఉంది. పాదాల్లో స్పర్శ పోయి చాలా కాలమైంది. చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడిచేస్తుంది. ఆ రాత్రి ఒక ఎలుక తన వేలిని కొరుకుతూ ఉంటే ఆమె కదలకుండా నిద్రపోయింది.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. అమ్మను సరిగ్గా చూసుకోలేదన్న బాధ ఒకటి. ఆ తర్వాత పన్నెండు రోజులు మేము చేసిన పొరపాట్లు తలుచుకుంటే కలిగే బాధ ఇంకొకటి.

మా ఇల్లు శ్రీకాకుళంలో, నాగావళికి దగ్గరలోని ఒక పాత వీధిలో ఉంది. ముందు భాగం డాబాగా మార్చుకున్నాం కానీ వెనక వంటగది, అటక ఇంకా పెంకుటింటి నాటివే. అటక మీద ఎలుకల పరుగు మాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన చప్పుడు. వాన పడుతుంటే పెంకుల మీద వినిపించే చప్పుడును ఎలా పట్టించుకోమో, దాన్నీ అలాగే పట్టించుకోలేదు.

ఆ ఉదయం వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. పక్కింటి పెద్దమ్మ వేలు చూసి, "ఎలుకే కదమ్మా, గాటు చిన్నదే కదా, కాస్త పసుపు అద్దు" అంది. ఎదురింటి మావయ్య మాత్రం కుక్క సూదులు వేయించాల్సిందేనని పట్టుబట్టారు. దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకెళితే అక్కడా ఆయన మాటే నెగ్గింది. రేబిస్ టీకా వేసి, కట్టు కట్టి పంపించారు. గాయాన్ని సబ్బుతో కడగలేదు. షుగర్ ఎంతుందో చూడలేదు. జ్వరం వస్తే వెంటనే రమ్మని కూడా చెప్పలేదు. వారం తిరిగేసరికి గాయం మానినట్టే కనిపించింది. పన్నెండో రోజున వేలు మళ్ళీ ఎర్రబడి ఉబ్బింది. గజ్జలో బిళ్ళ కట్టింది. సాయంత్రానికి వణుకుతో జ్వరం వచ్చింది.

అప్పుడు చూపించిన పెద్ద డాక్టరు గారు కట్టు విప్పిస్తూనే అన్నారు, "ఎలుక కరిస్తే మనవాళ్ళకు కుక్క కాటు గుర్తొస్తుంది. ఎలుకకు దాని జబ్బులు దానికున్నాయి." ఇంట్లో తిరిగే ఎలుక కరిచినప్పుడు రేబిస్ టీకా అవసరం దాదాపుగా ఉండదు. మన దేశంలో డాక్టర్లు పాటించే మార్గదర్శకాలు కూడా ఆ మాటే చెబుతాయి. అయితే ఎలుక నోటిలో స్ట్రెప్టోబాసిల్లస్, స్పిరిల్లం అనే రెండు రకాల బాక్టీరియాలు కాపురముంటాయి. ఎలుక కాటు జ్వరం వాటివల్ల వస్తుంది. మొదటి రకంలో కొద్ది రోజులకే జ్వరం, కీళ్ళ నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తాయి. రెండో రకం మన ఆసియా దేశాల్లో ఎక్కువ. అది ఒకటి నుంచి మూడు వారాలు ఊరుకుని, మానిపోయిందనుకున్న గాయాన్నే మళ్ళీ ఉబ్బించి జ్వరం తెస్తుంది. రెండింటికీ పెన్సిలిన్ లొంగుతుంది. గుర్తించకపోతే గుండె కవాటాల దాకా పోవచ్చు. అమ్మకు వచ్చింది అదేనని పరీక్షలో తేల్చడం కష్టమని డాక్టరు గారు ముందే చెప్పారు. లక్షణాలు చూసి పెన్సిలిన్ మొదలుపెట్టారు, షుగర్ అదుపులోకి తెచ్చారు, ధనుర్వాతం సూది వేశారు. వేలు దక్కింది. మానడానికి ఏడు వారాలు పట్టింది.

"గాటు చిన్నదే కదా." పెద్దమ్మ అన్న ఆ మాట నన్ను వదలలేదు. ఆమె మంచి కోరే అంది. జంతువు వల్ల మనిషికి ఏదైనా అయినప్పుడు మన ఇళ్ళలో ముందుగా చూసేది గాయం ఎంత లోతు, ఎంత రక్తం అన్నదే. రక్తం కారితే ఆసుపత్రి, గీరుకుంటే పసుపు, ఏమీ కనిపించకపోతే ఏమీ లేనట్టే. ఈ కొలత తప్పు. మా ఇంట్లోనూ మా ఊళ్ళోనూ ఈ కొలత ఎవరిని ఎలా దెబ్బతీసిందో చెబుతాను.

ఆమదాలవలసకు ఐదారు కిలోమీటర్ల దూరంలో మా సొంత ఊరు. 1986లో నేను ఆరో తరగతి. మా వీధి చివర పశువులు కాసే పద్నాలుగేళ్ళ అబ్బాయిని చెరువుగట్టు మీద ఒక కుక్క పిక్క మీద పట్టి వదిలేసింది. తుమ్మముల్లు గీసినంత గీత. వాళ్ళ నాయనమ్మ సున్నమూ కారమూ కలిపి పట్టించింది. పక్క ఊరి నుంచి నాటుమందు తెచ్చి నలభై రోజులు పథ్యం పెట్టారు. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదంటే, ఆ రోజుల్లో కుక్క సూదులంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు. పెద్దవాళ్ళు కూడా కుక్క కన్నా ఆ సూదులకే ఎక్కువ భయపడేవారు. రెండు నెలలు గడిచాయి. పిక్క మీద మచ్చ కూడా పోయింది. అప్పుడు ఆ అబ్బాయికి జ్వరం వచ్చింది. మరునాడు నీళ్ళు మింగలేకపోయాడు.

మేము పిల్లలం కిటికీ చువ్వల సందులోంచి చూశాం. వాళ్ళమ్మ ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. దాహమని అడిగింది వాడే. చెంబు పెదవులకు ఇంకా తగలనే లేదు, గొంతు కండరాలు బిగుసుకుపోయి మెడ వెనక్కి విరుచుకుపోయింది. ఎవరో విసనకర్ర ఊపితే ఆ గాలికీ అంతే. ఆ బిగింపు వదిలాక మామూలుగానే ఉన్నాడు, అందరినీ గుర్తుపట్టాడు, ఎర్రావుకు మేత వేశారా అని అడిగాడు. అందుకే ఇంకా భయమేసింది. మూడో రోజు పోయాడు.

ఆ పద్నాలుగు సూదుల మందును గొర్రెల మెదడు నుంచి తయారుచేసేవారు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పద్ధతి అది. కొద్దిమందికి దానివల్ల పక్షవాతం కూడా వచ్చేది. 2004 చివరితో మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు వేసేది వేరే టీకా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా రెండు భుజాలకూ చర్మంలోకి చెరొక చిన్న సూది వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వెళ్ళాలి. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున మరొకటి ఉంటుంది. పిల్లలు, గర్భిణులు, బాలింతలు అందరూ వేయించుకోవచ్చు. పథ్యం అక్కర్లేదు. డబ్బు కూడా కట్టక్కర్లేదు. మందు మారి ఇరవై ఏళ్ళు దాటినా బొడ్డు చుట్టూ సూదుల భయం మాత్రం మా నాయనమ్మల నోటి నుంచి మా పిల్లల చెవుల్లోకి భద్రంగా చేరింది. నేను బడిలో సైన్సు చెబుతాను. కుక్క కరిస్తే ఏం చేస్తారని ఏ ఏడు అడిగినా తరగతిలో ఒకరిద్దరు "బొడ్డు చుట్టూ..." అని మొదలుపెడతారు.

అమ్మ గాయం మానిన ఏడాదే, కార్తీకంలో, మా తమ్ముడి కొడుకు చేతి మీద కుక్కపిల్ల గీరింది. వాడికి ఏడేళ్ళు. వీధి కుక్క గేటు పక్కన ఈనిన పిల్లల్లో అది ఒకటి. వాడు బిస్కట్లు పెడుతున్నాడు, దాని పన్ను తగిలింది. రక్తం చుక్క కనిపించి కనిపించనట్టు ఉంది. మా మరదలు కూడా అదే అంది, "పాలు తాగే పిల్ల వదినా, గాటు చిన్నదే కదా." నేను వాడి చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, బట్టల సబ్బుతో గడియారం చూసుకుంటూ పావుగంట కడిగాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ పావుగంట చాదస్తం అనుకునేవారు ఎక్కువ. సబ్బు నీరు రేబిస్ వైరస్ పైపొరను కరిగించి దాన్ని చాలావరకు అక్కడికక్కడే చంపేస్తుంది. సూది కన్నా ముందు, ఆసుపత్రి కన్నా ముందు చేయాల్సిన వైద్యం అది. కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు పెడితే గాయం ఇంకా రేగి వైరస్ లోపలికి పోయే దారి తెరుచుకుంటుంది.

రక్తం చుక్క కనిపించిందంటే డాక్టర్ల లెక్కలో అది మూడో తరగతి కాటు, అంటే అన్నిటికన్నా తీవ్రమైన రకం. పెద్ద కుక్కైనా చిన్న పిల్లైనా తేడా లేదు. అలాంటప్పుడు టీకా ఒక్కటే చాలదు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోగా వైరస్ నరంలోకి దూరితే దాన్ని ఆపేవాళ్ళు ఉండరు. అందుకని అప్పటికే తయారుగా ఉన్న రక్షణ పదార్థాన్ని, ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, గాయం లోపలా చుట్టూ ఎక్కిస్తారు. మేము మొదట వెళ్ళిన చోట అది లేదన్నారు. టీకా వేసి, "చిన్న గీతే కదా, ఇది చాలు" అన్నారు. నేను వినలేదు. ఆటోలో మరో ఆసుపత్రికి వెళ్ళి, అది ఎక్కించే దాకా వరండాలోనే కూర్చున్నాం. మరదలికి నా మీద కోపం వచ్చింది. ఐదో రోజు నుంచి ఆ కుక్కపిల్ల వీధిలో కనిపించలేదు. ఏమైందో ఎవరికీ తెలియదు. పది రోజులు గమనించి కుక్క బాగుంటే టీకాలు ఆపవచ్చని అంటారు. కళ్ళెదుట లేని కుక్కను ఎలా గమనిస్తాం? 28వ రోజు సూదికి మరదలే వాణ్ణి స్వయంగా తీసుకెళ్ళింది.

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతారని అంచనా. రేబిస్ ఉందని అనుమానించే జంతువులు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలే. తిడతారన్న భయంతో ఇంట్లో చెప్పరు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023లలో పదిహేను రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే, ఏటా 91 లక్షల జంతువుల కాట్లు అని తేలింది. కుక్క కరిచినవారిలో ఐదో వంతు మంది ఒక్క టీకా కూడా వేయించుకోలేదు. వాళ్ళలో ఎంతమంది తమ గాటు చిన్నదే కదా అనుకున్నారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. లక్షణాలు మొదలైతే ఆ జబ్బుకు మందు లేదు.

ఇక అసలు గాటే లేని జబ్బు సంగతి. నేను ఇదంతా రాయడానికి ముఖ్యమైన కారణం మా చిన్నాన్న.

ఆయనకు నారాయణపురం ఆనకట్ట కాలువ కింద రెండెకరాల మాగాణి ఉంది. శ్రావణంలో ఊడ్పులు. వారం రోజులు మోకాలి లోతు బురదలో నిలబడ్డారు. మడమలు ఎప్పటిలాగే పగిలి ఉన్నాయి. ఊడ్పులు అయిన పది రోజులకు జ్వరం, తల పగిలిపోయే నొప్పి. పిక్కలు ముట్టుకుంటే కేక వేశారు. కళ్ళు కలక వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి, కానీ పుసి లేదు. ఊళ్ళో వైద్యం చేసే అతను టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించాడు. ఐదో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చబడితే మన పల్లెల్లో ఎవరినీ అడగక్కర్లేదు, కామెర్లు. కామెర్లంటే పసరు. తెల్లవారకముందే బండి మీద కూర్చోబెట్టి పసరు పోయించడానికి తీసుకెళ్ళారు. ఉప్పు లేని పథ్యం పెట్టారు. ఇంకో రెండు రోజులకు మూత్రం రావడం తగ్గి, ముఖం ఉబ్బింది.

మన జిల్లాలో "కిడ్నీ" అనే మాట ఎంత భయపెడుతుందో బయటివారికి తెలియదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఊళ్ళలో ఇంటికొకరుగా కిడ్నీలు పాడైనవారిని చూస్తూ పెరిగినవాళ్ళం. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో చిన్నాన్న క్రియాటినిన్ లెక్క వినగానే పిన్ని కూలబడిపోయింది. ఉద్దానం జబ్బు మన దాకా వచ్చేసిందని బంధువులంతా తీర్మానించేశారు. డయాలసిస్ చేస్తున్న ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆయన మడమలు చూసి అడిగాడు, "పొలంలో దిగావా బాబాయ్? గట్టు మీద ఎలుక కన్నాలున్నాయా?" అంతకుముందు చూసిన ముగ్గురిలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. మేమూ చెప్పలేదు. చెప్పాలని మాకు తెలియదు.

అది లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం. మరచుట్టలా మెలికలు తిరిగి ఉండే ఒక బాక్టీరియా ఎలుక మూత్రపిండాల్లో కాపురముంటుంది. ఎలుకకు ఏ బాధా ఉండదు. దాని మూత్రంతో పాటు బురదలోకి, కాలువలోకి, వాన నీటి గుంటలోకి చేరుతుంది. తడిలో వారాల తరబడి బతుకుతుంది. పగిలిన మడమ, గోరు పక్క చీలిక, కంటి పొర, ఏది దొరికితే అందులోంచి మనలోకి వస్తుంది. పశువులు, కుక్కలు, పందులు కూడా దీన్ని మోస్తాయి కానీ పెద్ద మోతగాడు ఎలుకే. జ్వరం సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో మొదలవుతుంది. మొదటి వారంలో రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపించకపోవచ్చు కాబట్టి "రిపోర్టులో ఏమీ లేదు" అని నిశ్చింతగా ఉండకూడదు. మొదట్లోనే అనుమానించి డాక్సీసైక్లిన్ ఇస్తే ఎక్కువమందికి అంతటితో తగ్గిపోతుంది. చాలా చవకైన బిళ్ళ. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు. చిన్నాన్నకు నాలుగుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. మూడు వారాలకు మూత్రపిండాలు తేరుకున్నాయి. ఉద్దానం జబ్బుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. సమయానికి పట్టుకుంటే కిడ్నీ తిరిగి వస్తుంది.

కేరళలో దీన్ని ఎలిప్పని అంటారు. ఎలి అంటే ఎలుక, పని అంటే జ్వరం. 2018 వరదల తర్వాత అక్కడ ఇది విజృంభించినప్పుడు సహాయక చర్యల్లో దిగినవారికి వారానికోసారి డాక్సీసైక్లిన్ పంచారు. వానాకాలంలో జ్వరం వస్తే ఎలిప్పనేమో అని అనుమానించడం అక్కడ మామూలు. 2005 జులైలో ముంబయి మునిగినప్పుడు కూడా నీళ్ళు తీశాక ఈ జ్వరమే వచ్చింది. మాకు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది, వంశధార, నాగావళి పొంగని ఏడాది అరుదు. వరద నీళ్ళలో నడవడం మాకు కొత్త కాదు. కానీ ఎలుక జ్వరం అన్న మాట మా ఊళ్ళో ఎవరి నోటా నేను వినలేదు. పేరు తెలియని జబ్బును ఎవరు అనుమానిస్తారు, ఎవరు డాక్టరుకు చెబుతారు? ప్రపంచంలో ఈ జ్వరంతో ఏటా 58,900 మంది చనిపోతారని 2015లో పరిశోధకులు అంచనా వేశారు. రేబిస్ అంకెతో పోల్చి చూడండి, దాదాపు సమానం. కుక్క పేరు చెబితే పంచాయతీ మీటింగులో కుర్చీలు లేస్తాయి. ఎలుక పేరు చెబితే నవ్వుతారు.

ఎలుక తెచ్చే జ్వరం ఇంకొకటి కూడా ఉంది. 2025 చివర్లో మన జిల్లాల్లో అందరి నోటా నలిగిన స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో, పొలం గట్ల మీద ఎలుకలను పట్టుకుని బతికే సూక్ష్మమైన పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది చంకలో, గజ్జలో, రొమ్ముల కింద, మొలతాడు కట్టుకునే చోట దాక్కుంటుంది. ఆడవాళ్ళు సిగ్గుపడి చూపించరు, డాక్టర్లు రద్దీలో వెతకరు. జ్వరం తగ్గకపోతే మొలతాడు పక్కకు జరిపి చూసుకోండి. ఒక నల్లటి చుక్క దొరికితే జబ్బు సగం దొరికినట్టే. దీనికీ డాక్సీసైక్లినే వాడతారు. గర్భిణులకైతే వేరే మందు ఇస్తారు, అందుకని సొంతంగా కొనుక్కుని మింగకండి.

ఎలుక ఉన్నచోటికి పాము కూడా వస్తుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు, పంటి గుర్తు కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. గాటు చూసి లెక్కగట్టే మన అలవాటు ఇక్కడ ప్రాణమే తీస్తుంది.

ఇంట్లో ఎలుకలను ఏం చేశామంటారా? విషం పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. "వినాయకుడి వాహనం, నా చేత్తో చంపను" అంది. ఆమె నమ్మకాన్ని నేను కాదనలేదు. పైగా పేస్టు రూపంలో వచ్చే పసుపు భాస్వరం మందుకు విరుగుడు లేదు, పిల్లలున్న ఇంట్లోకి దాన్ని తేవడం నాకూ ఇష్టం లేదు. ముందు తిండి ఆపాం. బియ్యం మూతలున్న డ్రమ్ముల్లోకి మార్చాం, తాతల నాటి గాదెను తీసేశాం. రాత్రిపూట ఎంగిలి గిన్నెలు ఉంచడం మానేశాం. దేవుడి గదిలో కొబ్బరి ముక్కలు, నూనె వత్తులు పొద్దుపోయాక తీసేయడానికి అమ్మ వారం రోజులు గింజుకుని చివరికి ఒప్పుకుంది. నూనె వత్తి ఎలుకకు మహా ఇష్టం, రాత్రి కొరికిన వత్తుల పీచులు మాకు అటక మీద దొరికాయి. తర్వాత కన్నాలు మూయించాం. మేస్త్రీకి నేను పెన్సిలు చూపించి, ఇది పట్టే సందు ఉంటే చుంచు పిల్ల పట్టేస్తుందని చెప్పాను. గాజు పెంకులు కలిపిన సిమెంటు, స్నానాల గది గొట్టానికి ఇనుప జల్లెడ పెట్టించాం. ఆ తర్వాతే బోనులు. ఈ వరుస తిరగేసి, ముందు బోను పెట్టి తిండిని అలాగే ఉంచితే ఏడాదంతా ఎలుకలు పడుతూనే ఉంటాయి. మూడు వారాలకు ఒక ఈత, ఈతకు ఆరేడు పిల్లలు. పెంటికలను పొడి చీపురుతో ఊడవకూడదు. బ్లీచింగు నీళ్ళు చల్లి, పావుగంట ఆగి, చేతికి కవరు తొడుక్కుని తడిగుడ్డతో ఎత్తాలి. అమ్మ మంచానికి దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుతున్నాం. దోమకూ ఎలుకకూ కట్లపాముకూ ఒకటే తెర. రోజూ రాత్రి ఆమె పాదాలు కడిగి తుడిచి, వేళ్ళ మధ్య టార్చి వేసి చూడటం నా పని.

ఇళ్ళలో ఇంత చేసినా మందుల దుకాణం వెనక, మార్కెట్టు పక్క, ఆసుపత్రి వంటగది దగ్గర చెత్త అలాగే ఉంటే ఏం లాభం? 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. ఆ వార్త చదివి దేశమంతా నివ్వెరపోయింది. చికెన్ వ్యర్థాలు రోడ్డు పక్కన పారబోసే చోటే కుక్కల గుంపులూ పెరుగుతాయి, పందికొక్కులూ పెరుగుతాయి. కుక్కలను చంపేయాలని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. చంపితే ఆ జాగాలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు ఏటా టీకా వేస్తే వాటిలో రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030కల్లా కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలిస్తామని మన దేశం 2021లో ప్రణాళిక ప్రకటించింది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. పశువుల డాక్టరూ మనుషుల డాక్టరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తమ మండలంలో ఈ నెల ఏ జంతువుకు ఏమైందో, ఏ ఊళ్ళో ఏ జ్వరాలున్నాయో చెప్పుకోవడానికి కొత్త భవనం కట్టక్కర్లేదు.

ఎలుక జ్వరం రాకుండా పొలంలో బూట్లు వేసుకోమని గోడల మీద బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మ వేయించినవారు ఒక్క పూట ఊడ్పులకు దిగితే తెలుస్తుంది. బురద బూటును పట్టేస్తుంది, కాలు మాత్రమే పైకి వస్తుంది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు రోజంతా వంగి వెనక్కి అడుగులు వేస్తారు, వాళ్ళకు బూట్ల మాట చెప్పడం నాకు న్యాయంగా తోచదు. గట్టు మీద ఒక బిందె మంచినీళ్ళు, ఒక సబ్బు పెట్టమని రైతుకు చెప్పవచ్చు. పుండు ఉన్న కాలికి నీరు చొరని పట్టీ వేసి పంపవచ్చు. జ్వరాలు కనిపిస్తున్న ఊళ్ళో ముందుజాగ్రత్తగా బిళ్ళ ఇవ్వాలా అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఆలోచించవచ్చు. మురుగు కాలువలో చేతులు పెట్టే మున్సిపల్ కార్మికులకు మాత్రం బూట్లూ చేతి తొడుగులూ ఇచ్చి తీరాలి. అక్కడ సాకులు లేవు. అన్నిటికన్నా ముందు, ఓపీ చీటీ మీద మూడు ప్రశ్నలు అచ్చు వేయించండి అని నేను కనిపించిన ప్రతి అధికారినీ అడుగుతున్నాను. ఈ నెలలో పొలంలో గానీ వరద నీటిలో గానీ దిగారా? ఏదైనా జంతువు కరిచిందా, గీరిందా, పుండు నాకిందా? ఇంట్లో ఎలుకలున్నాయా? చదవడానికి పది సెకన్లు చాలు.

నిరుడు భాద్రపదంలో, వినాయక చవితికి రెండు రోజుల ముందు, చిన్నాన్నకు మళ్ళీ జ్వరం తగిలింది. పిన్ని నాకు ఫోను చేసేలోపే ఆయన బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయారు. డాక్టరు నాడి పట్టకముందే కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ పైకెత్తి చూపించారట. "ఊడ్పులకు దిగాను బాబూ. మడమలు పగిలి ఉన్నాయి. గట్టు మీద పందికొక్కు కన్నాలు నాలుగు లెక్కపెట్టాను. రెండు రోజుల జ్వరం, పిక్కలు లాగుతున్నాయి. ఇంతకుముందు ఎలుక జ్వరం వచ్చి కిడ్నీలు దెబ్బతిన్నాయి." ఆ డాక్టరు రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. చవితి నాడు చిన్నాన్న అరుగు మీద కూర్చుని పత్రికి తుంచిన ఆకులు వేరుచేస్తున్నారు. కాళ్ళకు చెప్పులున్నాయి.